మంచుకొండలకు పాత ఫోర్‌వీల్ పికప్: రంగు కాదు, అడుగు చూసి కొనండి

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఈ మధ్యే కొండప్రాంతానికి మారాం. ఏడాదిలో నాలుగైదు నెలలు మంచు. పెద్ద రోడ్ల మీద మంచు తీసి ఉప్పు చల్లుతారు గానీ, మా ఇంటికొచ్చే చివరి రెండు కిలోమీటర్లూ ఎవరూ పట్టించుకోని మట్టిదారి, పైగా ఏటవాలు. కట్టెలు, సామాన్లు తెచ్చుకోవాలి కాబట్టి చవకలో ఒక సెకండ్ హ్యాండ్ ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ కొందామనుకున్నాం. రెండు చూశాను. ఒకటి 2003 టయోటా టకోమా, నాలుగు తలుపుల డబుల్ క్యాబ్, వి6 ఇంజిన్. సముద్రతీరం నుంచి వచ్చింది. ఎత్తు పెంచి పెద్ద టైర్లు వేయించారు, అడుగుభాగానికి కొత్తగా నల్లరంగు కొట్టారు, చూడ్డానికి ధగధగలాడుతోంది. రెండోది 2006 ఫోర్డ్ రేంజర్, 4.0 లీటర్ ఇంజిన్, వెనక చిన్న సీట్లున్న ఎక్స్‌టెండెడ్ క్యాబ్. వానలు తక్కువ పడే ప్రాంతంలో ఒక కాంట్రాక్టర్ వాడాడు. టకోమా కన్నా చాలా ఎక్కువ తిరిగింది, టైర్లు అరిగిపోయాయి, రంగు వెలిసింది. ధర రెంటికీ ఇంచుమించు ఒకటే. ఇంట్లో ఒక చిన్న ఫ్రంట్‌వీల్ డ్రైవ్ కారు ఉంది. మాకు ఆరేళ్ల పాప. ‘ఫోర్‌వీల్ ఉంటే ఇక టెన్షనే లేదు, టయోటా అయితే కళ్లు మూసుకుని కొనేయ్’ అంటాడు నా మిత్రుడు. మా ఆవిడకి మాత్రం భయంగానే ఉంది. ఏది కొనమంటారు?

సమాధానం: మీ ఆవిడ భయపడటంలో అర్థం ఉంది. మీ మిత్రుడు చెప్పిన రెండు మాటల్లోనూ సగం నిజమే ఉంది, మిగతా సగమే మనుషుల్ని లోయలోకి దించుతుంది.

ఫోర్‌వీల్ డ్రైవ్ చేసే పని ఒక్కటే. ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకు బదులు నాలుగింటికీ పంచుతుంది. అందువల్ల ఆగినచోటు నుంచి కదలడం, ఏటవాలు ఎక్కడం తేలికవుతాయి. బ్రేకు సంగతి వేరు. బ్రేకులు ప్రతి కారుకీ నాలుగు చక్రాలకూ ఉంటాయి కాబట్టి, ఆగే విషయంలో ఫోర్‌వీల్ వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. పికప్ బరువు ఎక్కువ, వెనక తొట్టి ఖాళీగా ఉంటే ఆ బరువులో ఎక్కువ భాగం ముందే ఉంటుంది. మీ చిన్న కారుకి మంచి వింటర్ టైర్లుంటే, గుండు టైర్ల ఫోర్‌వీల్ పికప్ కన్నా అదే ముందు ఆగుతుంది. అసలు ప్రమాదం ఎక్కడుందంటే, బండి సునాయాసంగా ఎక్కేస్తుంటే రోడ్డుకి పట్టు ఉన్నట్టే అనిపిస్తుంది. రోడ్డు ఎంత జారుతుందో దిగేటప్పుడు మొదటి మలుపు దగ్గర గాని తెలియదు.

అందుకే బండి చూడ్డానికి వెళ్లకముందే మీ దగ్గరున్న డబ్బులో నాలుగో వంతు తీసి పక్కన పెట్టండి. అది నాలుగు వింటర్ టైర్లకీ, బ్యాటరీకీ, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె), రెండు డిఫరెన్షియళ్ల (ఎడమ, కుడి చక్రాలకు బలం పంచే గేర్లు) ఆయిళ్లు మార్చడానికీ, బ్రేకు పనికీ. మిగిలిన మూడు వంతులే మీ బడ్జెట్. మొత్తం బండికే పోసి, టైర్లు వచ్చే ఏడాది చూసుకుందాం అనుకునేవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లలో ఎవరికీ ఆ మొదటి చలికాలం సుఖంగా గడవలేదు.

ఇక బండి సంగతి. పాత పికప్‌లో ఇంజిన్ బాగుచేయించుకోవచ్చు, గేర్‌బాక్స్ మార్పించుకోవచ్చు, సీట్లు కుట్టించుకోవచ్చు. బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం, అంటే చాసిస్ ఫ్రేమ్, కుళ్లిపోతే మాత్రం ఆ బండి అయిపోయినట్టే. మంచు రోడ్ల మీద చల్లే ఉప్పు, మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం ఇనుముని తింటాయి. తీరప్రాంతపు గాలీ అదే పని చేస్తుంది. కార్లలా కాక పికప్‌లో బాడీ, ఫ్రేమ్ వేర్వేరు కాబట్టి పైన బాడీ నిగనిగలాడుతున్నా కింద ఫ్రేమ్ పుచ్చిపోయి ఉండొచ్చు. పైనుంచి చూసి ఏమీ చెప్పలేం.

కాబట్టి చొక్కా మాసినా ఫర్వాలేదని నేల మీద పడుకోండి. చేతిలో ఒక చిన్న సుత్తి, టార్చి లైటు ఉండాలి. అమ్మేవాళ్లకి ముందే చెప్పండి, సుత్తితో తట్టి చూస్తామని. వద్దంటే అక్కడితో ఆ బేరం వదిలేయండి. వెనక చక్రం ముందు, కమాన్ కట్ట ఫ్రేమ్‌కి బిగించే బ్రాకెట్ దగ్గర మొదలుపెట్టండి. గట్టి ఇనుము మీద సుత్తి పడితే ఖంగుమంటుంది, సుత్తి వెనక్కి ఎగురుతుంది. పుచ్చిన చోట డబ్ మని చప్పగా మోగుతుంది, లోపల పెచ్చులు గలగలమని రాలుతాయి. పైపైన ఎర్రగా పట్టిన తుప్పు చూసి భయపడక్కర్లేదు, పాత బండికి అది సహజం. పొరలు పొరలుగా ఉబ్బి, గోరుతో లాగితే రేకులా ఊడివచ్చేది, స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగబడేది ప్రమాదం. ఫ్రేమ్ గొట్టంలా మూసి ఉన్నచోట లోపలినుంచి కుళ్లుతుంది, కాబట్టి ఫ్రేమ్‌కున్న రంధ్రాల్లోంచి టార్చి వేసి చూడండి. లోపల బురద పేరుకుని ఉంటే ఆ తడి ఏళ్ల తరబడి అక్కడే ఉందన్నమాట. ఫ్రేమ్ వెంబడి పోయే బ్రేకు పైపుల మీద వేలు పెట్టి చివరిదాకా తడమండి. గరుకుగా, ఉబ్బెత్తుగా తగిలితే మార్చాల్సిందే. పెట్రోల్ ట్యాంకుని మోసే రేకు పట్టీలు, స్పేర్ టైరు వేలాడే చోట అడ్డంగా ఉండే కమ్మీ కూడా చూడండి. ఈ చూపుకి అరగంట పడుతుంది. టెస్ట్ డ్రైవ్ కన్నా ఈ అరగంటే ముఖ్యం అంటాను నేను.

మీ టకోమా విషయంలో నన్ను ఆపుతున్నది ఇదే. ఉత్తర అమెరికాలో అమ్మిన తొలితరం టకోమాలు, అంటే 1995 నుంచి 2004 దాకా వచ్చినవి, ఫ్రేమ్ తుప్పుకి పేరుమోసినవి. సమస్య ఎంత ముదిరిందంటే 2008లో టయోటా ఫ్రేమ్ తుప్పుకి ప్రత్యేకంగా 15 ఏళ్ల వారంటీ ప్రకటించి, మరీ పాడైన బళ్లని యజమానుల దగ్గర తిరిగి కొనేసింది. ఆ గడువు మీ 2003 బండికి ఎప్పుడో తీరిపోయింది. ఆ వారంటీ కింద ఫ్రేమే మార్చిన బళ్లు కూడా మార్కెట్లో ఉన్నాయి. అలాంటిది కాగితాలతో సహా దొరికితే అదృష్టమే. మీరు చూసింది మాత్రం తీరం నుంచి వచ్చిన బండి, అడుగుకి కొత్త నల్లరంగు. తుప్పు రాకుండా ఏటా నూనె కొట్టించుకునే శ్రద్ధగల యజమాని వేరు, అమ్మకానికి వారం ముందు తుప్పు మీదే రంగు పూయించేవాళ్లు వేరు. పాత రంగు మీద దుమ్ము, గీతలు, రాళ్ల దెబ్బలు ఉంటాయి. ఫ్రేమ్ నుంచి బోల్టుల దాకా, రబ్బరు బుష్‌ల దాకా ఒకే నలుపు మెరుస్తుంటే అది దాచడానికి పూసిన రంగేనని అనుకోండి. సుత్తి పరీక్ష పూర్తిగా నెగ్గితే తప్ప ఆ బండి జోలికి వెళ్లొద్దు.

ఇంజిన్ విషయంలో మీ మిత్రుడి మాట నిజమే. టకోమాలోని 3.4 లీటర్ వి6 చాలా మొండిది, చూసుకుంటే ఏళ్ల తరబడి నడుస్తుంది. దానికి టైమింగ్ బెల్టు ఉంటుంది, దాదాపు 1,45,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. ఇంకొకటి, 2001 నుంచి 2004 మధ్య వచ్చిన టకోమాలను ముందు చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే కీళ్ల, అంటే లోయర్ బాల్ జాయింట్ల కోసం 2005లో రీకాల్ చేశారు. అది విడిపోతే నడుస్తున్న బండి చక్రం పక్కకి ఒరిగిపోతుంది. మార్చారో లేదో బండి చాసిస్ నంబరుతో కనుక్కోవచ్చు, అయినా ఇన్నేళ్ల తర్వాత మళ్లీ అరిగి ఉండొచ్చు కాబట్టి జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడాల్సిందే.

ఎత్తు పెంచిన బండి కొండదారికి మంచిదనుకుంటారు చాలామంది. మీలాంటి వాడకానికి అది నష్టమే. ఎత్తు పెరిగితే బరువు మధ్యబిందువు పైకి పోయి, జారే మలుపులో బండి తూలుతుంది. ముందు చక్రాలను తిప్పే కడ్డీలు (యాక్సిల్ షాఫ్ట్‌లు) ఏటవాలుగా వంగి, వాటి రబ్బరు తొడుగులు త్వరగా చిరుగుతాయి, లోపల గ్రీజు పోయి జాయింట్ పాడవుతుంది. పెద్ద టైర్ల వల్ల బ్రేకు మీద భారం పెరుగుతుంది, గేరు నిష్పత్తి మారి ఎక్కడంలో ఇంజిన్ ఈడుస్తుంది, మంచులో పట్టు కోసం టైర్లకు గొలుసులు కట్టడానికి చక్రానికీ బాడీకీ మధ్య చోటు మిగలదు. కంపెనీ నుంచి వచ్చిన ఎత్తులో, వచ్చిన సైజు టైర్లతో ఉన్న బండి దొరికితే కళ్లకద్దుకోవాలి. ఇలాంటిదే ఇంకో జాగ్రత్త: ముందు బంపర్ కింద మంచు తోసే బ్లేడు బిగించిన బ్రాకెట్లు గాని, వాటిని కోసేసిన గుర్తులు గాని ఉంటే ఆ బండి వద్దు. చలికాలమంతా ముందుకీ వెనక్కీ కుమ్మిన బండి గేర్‌బాక్స్, ముందు సస్పెన్షన్ ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఫోర్‌వీల్ పనిచేస్తోందా అని మీరెలా పరీక్షించాలో చెప్పాలంటే ముందు అది ఎలా పనిచేస్తుందో రెండు ముక్కలు చెప్పాలి. చవకలో దొరికే పికప్‌ల్లో చాలావాటికి ఉండేది పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్. మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి. ఫోర్ హై (మామూలు వేగాల్లో వాడే ఫోర్‌వీల్) వేస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు షాఫ్ట్‌నీ వెనక షాఫ్ట్‌నీ ఒకదానికొకటి బిగించేస్తుంది, రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే. మలుపులో మాత్రం ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం నడుస్తాయి. మంచులో, మట్టిలో ఆ తేడా టైరు కాస్త జారడంతో సర్దుకుంటుంది. పొడి తారు మీద సర్దుకునే దారి లేదు, బండి బిగుసుకుపోయి, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే గెంతుతున్నట్టు కుదుపులిస్తుంది. అలాగే నడిపితే ట్రాన్స్‌ఫర్ కేస్ గొలుసో, ముందు గేర్లో పోతాయి. మీ పెద్దరోడ్డు మీద ఒక కిలోమీటరు పొడిగా, ఒక మలుపు మంచుగా ఉంటుంది కదా, అక్కడ మీరే చూసుకుని వేస్తూ తీస్తూ ఉండాలి. మధ్యలో డిఫరెన్షియల్ ఉండి పొడి రోడ్డు మీద కూడా ఫోర్‌వీల్ వాడుకోగలిగే పికప్‌లు, మిత్సుబిషి సూపర్ సెలెక్ట్ లాంటివి ఉన్నాయి. దొరికితే హాయి గానీ మీరు చూసే రకాల్లో అవి లేవు.

పరీక్ష గులక రాళ్లున్న చోటో తడి గడ్డి మీదో చేయాలి. ముందు ఫోర్ హై వేయండి. డ్యాష్‌బోర్డులో లైటు వెలిగి నిలకడగా ఉండాలి, మిణుకుమంటూనే ఉంటే ముందు భాగం పూర్తిగా కలవడం లేదన్నమాట. లైటుని మాత్రమే నమ్మొద్దు. నెమ్మదిగా కదులుతూ స్టీరింగ్ తిప్పండి, ఇందాక చెప్పిన బిగువు చేతికి తెలియాలి. ఆ బిగువు రాకపోతే ఫోర్‌వీల్ పడనట్టే. తర్వాత బండి ఆపి, న్యూట్రల్‌లో ఫోర్ లో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే ఫోర్‌వీల్) వేయండి. బండి నత్తనడకన, ఇంజిన్ గట్టిగా తిరుగుతూ కదలాలి, గరగర శబ్దం రాకూడదు. మళ్లీ టూవీల్‌కి వచ్చేటప్పుడు కొంచెం వెనక్కి పోనిస్తే విడివడుతుంది, అది తప్పేమీ కాదు. ఏళ్ల తరబడి ఫోర్‌వీల్ వేయని బళ్లలోనే ఎక్కువగా బిగుసుకుపోతుంది. నెలకోసారైనా వేసి నడిపారా అని అడగండి. చేత్తో లాగే లివరు, ముందు చక్రాన్ని షాఫ్ట్‌తో కలపడానికి చక్రం మీద చేత్తో తిప్పే హబ్బులు ఉన్న పాతరకం దొరికితే నేను దానికే ఓటేస్తాను, మంచులో దిగి తిప్పాల్సివచ్చినా సరే. బటన్ నొక్కితే పడేవాటిలో చిన్న మోటారు, సెన్సరు, తీగలు ఉంటాయి, ఉప్పునీళ్లకి ముందు పోయేవి అవే.

నాలుగు చక్రాలకూ బలం అందుతుందన్న మాటలో ఇంకో మెలిక ఉంది. డిఫరెన్షియల్ మామూలుదైతే ముందు జతలో ఒక చక్రం, వెనక జతలో ఒక చక్రం ఐసు మీద పడగానే ఆ రెండే గిర్రున తిరుగుతాయి, బండి కదలదు. వెనక లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే డిఫరెన్షియల్) ఉంటే మీ ఇంటి దారికి చాలా తేడా తెలుస్తుంది. రేంజర్‌లో ఇది కనుక్కోవడం సులువు. డ్రైవర్ తలుపు తీస్తే పక్క పోస్టు మీదున్న స్టిక్కర్‌లో యాక్సిల్ కోడ్ ఉంటుంది. అది రెండూ అంకెలైతే మామూలు డిఫరెన్షియల్, అందులో అక్షరం ఉంటే లిమిటెడ్ స్లిప్.

రేంజర్‌లో ఇంకేం చూడాలి? కమాన్ కట్టల వెనక చివరని ఫ్రేమ్‌కి కలిపే షాకిళ్లు, బ్రాకెట్లు తుప్పుపట్టి తెగడం దీనికి బాగా తెలిసిన జబ్బు, అయితే ఫ్రేమ్ బాగుంటే ఆ ముక్కలు మార్చుకోవచ్చు. 4.0 లీటర్ ఇంజిన్‌లో టైమింగ్ చైన్లని పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్లు విరుగుతాయి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో గలగల చప్పుడు వస్తే అనుమానించాలి, ఒక చైన్ ఇంజిన్ వెనక భాగంలో ఉంటుంది కాబట్టి ఆ రిపేరు ఖరీదైనది. 1998 నుంచి 2000 మధ్య వచ్చిన రేంజర్లలో గాలి పీల్పుతో (వాక్యూమ్‌తో) కలిసే ముందు చక్రాల హబ్బులు ఇబ్బంది పెట్టేవి. మీది 2006 కాబట్టి ఆ గొడవ లేదు. ఎక్కువ తిరగడం గురించి మీరు బాధపడుతున్నారు గానీ, పొడి ప్రాంతంలో హైవే మీద తిరిగిన కిలోమీటర్లు ఉప్పులో నానిన ఏళ్లంత చేటు చేయవు. ఆయిల్ మార్చిన బిల్లులు కాంట్రాక్టర్ల దగ్గర తరచూ ఉంటాయి. అడగండి.

ఇక పాప సంగతి. ఉత్తరంలో మీరు ఆ విషయం ఒక్క మాటతో వదిలేశారు, నాకు మాత్రం అదే పెద్దది. రేంజర్ ఎక్స్‌టెండెడ్ క్యాబ్‌లో వెనక ఉండేవి పక్కకి తిరిగి ఉండే మడత సీట్లు. పక్కకి తిరిగిన సీట్లో చైల్డ్ సీటు గాని బూస్టర్ గాని పెట్టకూడదు. ఆరేళ్ల పిల్లని ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో రోజూ కూర్చోబెట్టడమూ మంచిది కాదు. పాప రోజూ ఈ బండే ఎక్కాలంటే రేంజర్ మీకు పనికిరాదు, చాసిస్ ఎంత గట్టిదైనా సరే. అప్పుడు నాలుగు తలుపుల బండే వెతకాలి. టకోమాలో డబుల్ క్యాబ్ 2001 మోడల్ నుంచి, నిస్సాన్ ఫ్రాంటియర్‌లో క్రూ క్యాబ్ 2000 మోడల్ నుంచి ఉన్నాయి. ఫ్రాంటియర్ పేరు చెప్పాను కాబట్టి ఒక హెచ్చరిక: 2005 నుంచి 2010 దాకా వచ్చిన ఆటోమేటిక్ బళ్లలో రేడియేటర్ లోపల పగిలి కూలెంట్ (ఇంజిన్ని చల్లబరిచే ద్రవం) పోయి గేర్‌బాక్స్ ఆయిల్‌లో కలిసేది, దాంతో గేర్‌బాక్స్ పోయేది. రేడియేటర్ మార్చిన బిల్లు లేకపోతే, కొన్న వెంటనే మీరే మార్పించండి. మంచి బండే, ఆ ఒక్క పని చేయిస్తే చాలు.

టైర్ల దగ్గరికి వద్దాం. టైరు పక్కన ఎం ప్లస్ ఎస్ అని ఉంటే వింటర్ టైరు అనుకోవద్దు, అది టైరు మీది గాళ్ల అచ్చు (బటన్) ఆకారాన్ని బట్టి వేసే ముద్ర మాత్రమే. మూడు శిఖరాల కొండబొమ్మ, దాని లోపల మంచురేకు ఉన్న గుర్తు వెతకండి, మంచు మీద పరీక్ష నెగ్గిన టైరుకే అది ఉంటుంది. చలి 7 డిగ్రీల కిందికి దిగాక మామూలు టైరు రబ్బరు గట్టిపడుతుంది, వింటర్ టైరు మెత్తగానే ఉంటుంది. తేడా అంతా అక్కడే. బటన్ లోతు 4 మిల్లీమీటర్ల కన్నా తక్కువైతే మంచులో వాడొద్దు, చట్టం ఎంత ఒప్పుకున్నా సరే. తయారైన తేదీ టైరు గోడ మీద నాలుగంకెలుగా ఉంటుంది, 3821 అంటే 2021లో 38వ వారం. బటన్ బాగున్నా ఏళ్లు గడిచిన టైరు గట్టిపడుతుంది. నాలుగూ ఒకే సైజు, ఒకే రకం, ఒకేలా అరిగినవై ఉండాలి. ఇందాకటి బిగింపు గుర్తుందిగా, సైజు తేడా ఉంటే తిన్నగా పోతున్నా ట్రాన్స్‌ఫర్ కేస్ నలుగుతూనే ఉంటుంది. అందుకే రేంజర్ టైర్లు అరిగిపోయాయంటే నాకు బాధ లేదు. ఎలాగూ మార్చేవే, ధర తగ్గించమనడానికి పనికొస్తాయి. మీ చిన్న కారుకి కూడా అదే గుర్తున్న టైర్లు నాలుగు వేయించండి, డబ్బు చాలదని ముందు చక్రాలకే రెండు వేస్తే దిగుడులో వెనక భాగం ముందుకొస్తుంది.

తొట్టి ఖాళీగా ఉన్న పికప్ వెనక చక్రాలకి పట్టు ఉండదు. 100 నుంచి 150 కిలోల ఇసుక బస్తాలు సరిగ్గా వెనక యాక్సిల్ పైన ఉండేలా పేర్చి, కదలకుండా కట్టండి. యాక్సిల్ వెనక, తొట్టి తలుపు పక్కన పెడితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ పట్టు తగ్గుతుంది. కట్టని బస్తా, కట్టని కట్టెలు గట్టి బ్రేకు పడితే వెనక అద్దంలోంచి లోపలికి వస్తాయి. ఇసుకతో ఇంకో లాభం, ఇరుక్కున్నప్పుడు చక్రాల కింద చల్లుకోవచ్చు.

ఆటోమేటిక్ అయినా మాన్యువల్ అయినా ఫర్వాలేదు, మీకు అలవాటున్నదే కొనండి. దిగుడులో తక్కువ గేరులో, మరీ ఏటవాలైతే ఫోర్ లోలో, ఇంజిన్ మీదే దిగాలి, బ్రేకు మీద కాలు ఆన్చి కాదు. డీజిల్ బండి చవగ్గా వచ్చినా నేనైతే వద్దంటాను. గట్టి చలికి డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోతుంది, చలికాలపు డీజిల్, ఇంజిన్ హీటర్ లేకపోతే తెల్లవారుజామున కదలదు.

ఇంతకీ ఏది? పాప మీ కారులోనే వెళ్తుంది, పికప్ కేవలం కట్టెలకీ సామాన్లకీ, మంచు ఎక్కువైన రోజున మీరొక్కరు ఊళ్లోకి పోయి రావడానికీ అంటే, రేంజర్ తీసుకోండి. అడుగు గట్టిగా ఉంటే మారు ఆలోచించొద్దు. ఇంట్లో ముగ్గురూ ఎక్కే బండే కావాలంటే ఈ రెండూ వద్దు. ఎత్తు పెంచని, తుప్పు లేని నాలుగు తలుపుల బండి కోసం ఇంకో నెల ఆగండి. మంచు మొదలయ్యేలోపు దొరక్కపోతే ఈ చలికాలానికి కారుకి వింటర్ టైర్లు, గొలుసులు కొని నెట్టుకురండి. మంచు కరిగే నెలల్లో ఇలాంటి బళ్లు కొనేవాళ్లు తగ్గుతారు, బేరం అప్పుడు మీ చేతిలో ఉంటుంది.

రేంజర్ వైపే మొగ్గితే యజమానికి ముందు రోజు ఫోన్ చేసి, ఉదయం మేం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడగండి, సరైన జవాబు రాకపోతే మరో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. చల్లగా ఉంటే రేడియేటర్ మూత తీసి కూలెంట్ చూడండి, తుప్పునీళ్లలా ఉండకూడదు. నీళ్లూ యాంటీఫ్రీజ్ సగంసగం కలిపితేనే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఎండు ప్రాంతపు బండి కాబట్టి ఉత్త నీళ్లే పోసి ఉండే అవకాశం లేకపోలేదు. అలా ఉంటే మీ కొండ మీద మొదటి గట్టి చలిరాత్రే ఇంజిన్ బ్లాకు పగులుతుంది, ఇంటికి తెచ్చేముందే మార్పించండి. తర్వాత స్టార్ట్ చేసి గలగల వింటూ, పొగ గొట్టం దగ్గర ఒకరు నిలబడండి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ తాగుతోందని అర్థం. హీటరు ఫుల్‌లో పెట్టి, గాలి అద్దం మీదికి తిప్పి, అద్దం అంచులదాకా పొగమంచు విడుతుందో లేదో చూడండి. హీటరు పనిచేయని బండితో కొండ దిగలేరు. ఇవన్నీ అయ్యాక సుత్తి తీసుకుని కిందికి దూరండి, ఒకవేళ అక్కడ అనుమానం వస్తే గ్యారేజీలో లిఫ్టు మీద పెట్టించి చూపించడానికి యజమాని ఒప్పుకుంటాడేమో అడగండి. ఆ ఖర్చు మీరే పెట్టుకోండి.